చార్మినార్ వెనక చంద్రుడు: ఫోటోలో చెయ్యి పడిందో లేదో తేల్చడం ఎలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివేవాళ్ళకి సులువవుతుంది. మీ కాలేజీ ఫోటోగ్రఫీ పోటీలో మొదటి బహుమతి వచ్చిన ఫోటోలో చార్మినార్ వెనక పెద్ద నిండు చందమామ ఉంది. 2024 డిసెంబర్ 15, పౌర్ణమి సాయంత్రం, పత్తర్‌గట్టి వైపు రోడ్డు మీద నిలబడి ఒక్క క్లిక్‌లో తీశానని ఆ అబ్బాయి రాశాడు. చంద్రుణ్ణి అతికించాడని ఇంకొకరు ఫిర్యాదు చేశారు. ఒక వెబ్‌సైట్‌లో ఈఎల్ఏ అనే, ఫోటోలో మార్పులు వెతికే పరీక్ష చేస్తే చంద్రుడి చుట్టూ తెల్లగా మెరిసిందని, అదే సాక్ష్యమని అంటున్నారు. కమిటీలో మీరున్నారు, సోమవారం లోపు తేల్చాలి.

నాకు అర్థమైనది సూటిగా చెప్తాను. ఆ చంద్రుడు ఆ సాయంత్రం ఆ చోట ఉండే అవకాశం లేదు. అయితే వాళ్ళు చూపిస్తున్న ఈఎల్ఏ బొమ్మ దానికి సాక్ష్యం కాదు. ఫిర్యాదు చేసినవాళ్ళు చెప్పింది నిజమే, చూపించిన కారణం మాత్రం తప్పు. ఈ రెండూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే అదే కారణంతో రేపు నిజంగా కష్టపడి తీసిన పిల్లల ఫోటోని కూడా పక్కన పడేస్తారు. అలా పడేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

ఆకాశం ఫోటోలకి ఒక గొప్ప వెసులుబాటు ఉంది. పెళ్ళి ఫోటోలో ఒక మనిషిని అతికించారా లేదా అంటే ఆ రోజు అక్కడ ఎవరున్నారో చెప్పే సాక్షి కావాలి. ఆకాశానికి ఆ ఇబ్బంది లేదు. ఏ ఊరు, ఏ తేదీ, ఏ సమయం అని చెప్తే చంద్రుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఎంత వెలుగుతో, ఏ వైపు వాలి ఉంటాడో లెక్క కట్టి చెప్పొచ్చు. మన పంచాంగాలు వందల ఏళ్ళుగా చేస్తున్న పనే అది. ఇప్పుడు స్టెల్లేరియం లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు నిమిషాల్లో చూపిస్తుంది. అందుకే నేను పిక్సెళ్ళ జోలికి వెళ్ళే ముందు ఎప్పుడూ ఆకాశాన్నే అడుగుతాను.

మీ ఫోటోని అలాగే అడుగుదాం. మొదట దిక్కు. పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ చార్మినార్‌కి ఉత్తరాన ఉన్నాయి. అక్కడ నిలబడి చార్మినార్ వైపు చూస్తే మన మొహం దక్షిణానికి ఉంటుంది. పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి సూర్యుడు పడమర దిగే వేళకి తూర్పున లేస్తాడు. పైగా ఆ డిసెంబర్ పౌర్ణమికి చంద్రుడు బాగా ఉత్తరానికి జరిగి ఉన్నాడు. హైదరాబాద్‌లో ఆ రోజు చంద్రోదయం నేరుగా తూర్పున కాకుండా, అక్కడి నుంచి ఉత్తరం వైపు దాదాపు 30 డిగ్రీలు జరిగి జరిగింది. అంటే దక్షిణానికి తిరిగి నిలబడిన ఆ అబ్బాయికి చంద్రుడు ఎడమ భుజం వెనక ఉండాలి. ఫోటోలో మాత్రం ఎదురుగా ఉన్నాడు.

తేదీ పొరపాటుగా రాశాడేమో అనుకుందాం, అదీ న్యాయమే. అప్పుడు కూడా కుదరదు. చంద్రుడు సరిగ్గా దక్షిణాన ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఎంత కిందికి దిగగలడు? మన అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. చంద్రుడు ఆకాశ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దక్షిణంగా వెళ్ళేది ఎక్కువలో ఎక్కువ 28.5 డిగ్రీలు, అదీ 18.6 ఏళ్ళకి ఒకసారి వచ్చే కాలంలో. 90 లోంచి ఈ రెండూ తీసేస్తే 44 డిగ్రీలు. ఏ ఏడాదైనా, ఏ నెలైనా దక్షిణ దిక్కున చంద్రుడు అంతకంటే కిందికి రాడు. మీ ఫోటోలో చంద్రుడు మినార్ల నడుమ, రోడ్డు మీది దుకాణాల బోర్డులకి కాస్త పైన, నారింజ రంగులో ఉన్నాడు. అంత కింద, ఆ దిక్కున చంద్రుణ్ణి చూసిన మనిషి హైదరాబాద్‌లో ఎవరూ ఉండరు. ఒక్క ఈ లెక్క చాలు. ఇది ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనూ సంబంధం లేని సాక్ష్యం.

రెండోది పరిమాణం. దీన్ని ప్రతి కమిటీ మెంబరూ నోటికి నేర్చుకోవాలి. చంద్రుడి వెడల్పు మన కంటికి సుమారు అర డిగ్రీ. దాని అర్థం ఏంటంటే, ఏ వస్తువైనా దాని వెడల్పుకి సుమారు 110 రెట్ల దూరంలో నిలబడి చూస్తేనే చంద్రుడంత కనిపిస్తుంది. చార్మినార్ ఒక్కో పక్క 20 మీటర్లు. మీ ఫోటోలో చంద్రుడు దాదాపు ఆ పక్క మొత్తం అంత వెడల్పు ఉన్నాడు. అలా రావాలంటే 20ని 110తో గుణించాలి, 2.2 కిలోమీటర్ల దూరం నుంచి తీయాలి. ఉత్తరం వైపు అంత దూరం అంటే మూసీ దాటి అవతలికి పోవాలి. ఫోటోలో చూస్తే ముందు పళ్ళ బండి, బండి మీది తూకం రాయి కూడా తెలుస్తున్నాయి, చార్మినార్ ఆ వెనకే ఉంది. 200 మీటర్ల దూరం నుంచి తీశాడనుకున్నా చంద్రుడు కట్టడం మీద 1.8 మీటర్ల వెడల్పు మాత్రమే ఆక్రమించాలి. ఒక కిటికీ అంత.

"జూమ్ చేశాను, తర్వాత క్రాప్ చేశాను" అని సమాధానం రావచ్చు. జూమ్ చేసినా, క్రాప్ చేసినా చంద్రుడూ కట్టడమూ కలిసే పెరుగుతాయి. వాటి నిష్పత్తి మారాలంటే కాళ్ళతో నడిచి వెనక్కి వెళ్ళడం ఒక్కటే దారి. "దిగంతం దగ్గర చంద్రుడు పెద్దగా ఉంటాడు కదా" అనేది ఇంకో సమాధానం. అది మన మెదడు చేసే మాయ, కెమెరాకి ఆ మాయ లేదు. లేచే చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే నిజానికి భూమి వ్యాసార్ధమంత దూరంగా ఉంటాడు, కాబట్టి వెంట్రుకవాసి చిన్నగానే పడతాడు. సూపర్‌మూన్ అన్నా కూడా ఏడాదిలో అతి చిన్న పౌర్ణమి చంద్రుడి కంటే వెడల్పులో 14 శాతం మించదు.

ఎక్సిఫ్‌లో, అంటే కెమెరా తనంతట తానే ఫోటో ఫైల్లో రాసే వివరాల్లో, 50 మిల్లీమీటర్ల లెన్స్ అని ఉందని మీరు రాశారు. సెన్సర్ మీద చంద్రుడి బొమ్మ ఎంత పడుతుందో తెలియాలంటే ఫోకల్ లెంగ్త్‌ని అదే 110తో భాగించండి. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కి 0.45 మిల్లీమీటరు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, అంటే చంద్రుడు ఫ్రేములో ఎనభయ్యో వంతు. 6000 పిక్సెళ్ళ ఫోటోలో 75 పిక్సెళ్ళ చుక్క. మీ దగ్గరున్న ఫోటోలో చంద్రుడు ఫ్రేములో మూడో వంతు ఉన్నాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. చంద్రుడిలో కుందేలు ఎటు తిరిగి ఉంది?

చంద్రుడి మొహం మనకి ఎప్పుడూ ఒకటే కనిపిస్తుంది కానీ, అది ఆకాశంలో నడుస్తూ తిరుగుతూ ఉంటుంది. మన ప్రాంతంలో పౌర్ణమి చంద్రుడు తూర్పున లేచేటప్పుడు ఆ కుందేలు చెవులు పైకి పెట్టి లేస్తుంది, పడమర దిగేటప్పుడు తలకిందులవుతుంది. ఇంకాస్త పట్టుగా చూడాలంటే టైకో అనే బిలాన్ని చూడండి. దాని నుంచి తెల్లటి చారలు నాలుగు వైపులా పోతుంటాయి కాబట్టి చిన్న ఫోటోలో కూడా దొరుకుతుంది. అది చంద్రుడి దక్షిణాన ఉంటుంది. మన దగ్గర చంద్రుడు లేచే వేళ టైకో కుడి చేతి వైపు, కాస్త పైకో కిందికో ఉంటుంది. నడిరాత్రి చంద్రుడు దక్షిణాన పైకి ఎక్కినప్పుడే అది అడుగుకి వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే పౌర్ణమి ఫోటోల్లో చాలావాటిలో టైకో అడుగున ఉంటుంది, ఎందుకంటే అలా ఉత్తరం పైకి పెట్టి చూపించడం అలవాటు. వాటిలో ఒకటి తెచ్చి సాయంత్రపు ఆకాశంలో పెడితే కుందేలు తప్పు దిక్కుకి పడుకొని ఉంటుంది. మీ ఫోటోలో టైకో సరిగ్గా అడుగున ఉంది. వెనక ఆకాశం ఇంకా నీలంగా, వీధి దీపాలు అప్పుడే వెలిగిన వేళలా ఉంది. ఆ నీలి ఆకాశం సాయంత్రం ఆరు అంటోంది, ఆ చంద్రుడు నడిరాత్రి అంటున్నాడు.

ఇంకో అడుగు ముందుకి వెళ్ళొచ్చు. చంద్రుడు కొద్దిగా ఊగుతుంటాడు. ఎడమకీ కుడికీ దాదాపు 8 డిగ్రీలు, పైకీ కిందికీ 7 డిగ్రీల లోపు. ఆ ఊపు వల్లనే మొత్తం మీద చంద్రుడి ఉపరితలంలో 59 శాతం మనం చూడగలుగుతున్నాం. దీని ఫలితంగా మేర్ క్రిసియమ్ అనే గుండ్రటి నల్ల మచ్చ ఒక పౌర్ణమికి అంచుకి దగ్గరగా, ఇంకో పౌర్ణమికి దూరంగా ఉంటుంది. నాసా సైంటిఫిక్ విజువలైజేషన్ స్టూడియో ప్రతి ఏడాదీ, గంట గంటకీ చంద్రుడు ఎలా కనిపిస్తాడో ఒక పేజీలో పెడుతుంది. ఫోటోలోని చంద్రుణ్ణి తిప్పి ఆ తేదీ బొమ్మ మీద పెట్టి చూడండి. అంచుకీ క్రిసియమ్‌కీ మధ్య ఉన్న ఖాళీ కలవకపోతే అది వేరే నెల చంద్రుడు. దొంగ సంతకం పట్టుకున్నంత కచ్చితంగా ఉంటుంది ఇది. ఒకవేళ కలిసిందనుకోండి, ఆ చంద్రుణ్ణి ఆ రోజే తీశాడని మాత్రమే తెలుస్తుంది, అక్కడే తీశాడని కాదు. ఆ రాత్రే తర్వాత పెద్ద లెన్స్‌తో తీసి, పెంచి పెట్టి ఉండొచ్చు.

ఇక ఈఎల్ఏ సంగతి. ఎర్రర్ లెవెల్ అనాలిసిస్ అంటారు. 2007లో నీల్ క్రావెట్జ్ అనే కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆలోచన మంచిదే. జేపెగ్ ఫైల్ సేవ్ చేసిన ప్రతిసారీ 8 పిక్సెళ్ళ నిలువు, 8 పిక్సెళ్ళ అడ్డం ఉన్న గడులుగా కోసి కొంత సమాచారం వదిలేస్తుంది. ఈ పరీక్ష ఫోటోని ఇంకోసారి సేవ్ చేసి, ఏ చోట ఎంత మారిందో వెలుగుగా చూపిస్తుంది. వేరే ఫోటో నుంచి తెచ్చి అతికించిన ముక్క మిగతా భాగంలా కాకుండా వేరేగా మారుతుంది అన్నది నమ్మకం. ఇబ్బంది ఎక్కడంటే, ఎక్కువ తేడా ఉన్న అంచు ఏదైనా ఈ పరీక్షలో మెరుస్తుంది. నల్లటి ఆకాశం మీద తెల్లటి చంద్రుడి కంటే పదునైన అంచు ఇంకేముంటుంది? నేను ఊరి బయట టెలిస్కోప్‌కి కెమెరా తగిలించి నా చేత్తో తీసిన చంద్రుడు కూడా ఈఎల్ఏలో తెల్లగా మెరుస్తాడు. నక్షత్రాల ఫోటో పెడితే ప్రతి నక్షత్రం చుట్టూ వలయం వస్తుంది. పైగా వాట్సాప్‌లో పంపిన ఫోటో అయితే అది మళ్ళీ కుదించి, ఎక్సిఫ్ వివరాలన్నీ ఊడదీసి పంపుతుంది. ఇక ఈఎల్ఏ దేన్ని కొలుస్తున్నట్టు?

నా అనుభవం ఇక్కడే చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక స్కూలు పోటీకి నేను న్యాయనిర్ణేతగా వెళ్ళాను. తొమ్మిదో తరగతి పాప ఒకరు చంద్రుడి ముందు నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పోతున్న ఫోటో పెట్టింది. రెక్కలతో సహా నల్లటి బొమ్మ, చక్కగా. నాకు అనుమానం వచ్చి ఈఎల్ఏ చేశాను. ఆ నల్ల బొమ్మ చుట్టూ తెల్లటి గీత వచ్చింది. అతికించారని రాసి పక్కన పెట్టాను. మూడు రోజుల తర్వాత ఆ పాప వాళ్ళ నాన్నని తీసుకొని వచ్చి ఫోన్‌లో వీడియో చూపించింది. వాళ్ళ దగ్గరున్న చిన్న టెలిస్కోప్‌కి ఫోన్ కట్టి తీసింది. స్టేషన్ అర సెకనులో చంద్రుణ్ణి దాటిపోయింది, పదిహేను ఫ్రేముల్లో అది జరుగుతూ వస్తుంది. ఇంటికి వచ్చి కక్ష్య వివరాలతో లెక్క కట్టాను. ఆ రోజు ఆ నిమిషానికి ఆ దారి సరిగ్గా వాళ్ళ ఊరి మీద నుంచి పోయింది. ఆ దారి వెడల్పు కొన్ని కిలోమీటర్లే ఉంటుంది. అంటే ఆ పాప ముందే లెక్క చూసుకొని, ఆ నిమిషం కోసం కాచుకొని తీసింది. నేను ఆ లెక్క ముందు చేసి ఉంటే పది నిమిషాల పని. వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను, కానీ బహుమతులు అప్పటికే ఇచ్చేశారు. ఆ రోజు ఆ పాప మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఒక రంగుల బొమ్మ చూపించి పిల్లల్ని దొంగలనడం చూస్తే నాకు మనసు ఆగదు.

ఫైలు లోపల చూడదగినవి లేవని కాదు, ఉన్నాయి. కానీ వాటికి అసలు ఫైలు కావాలి. మొట్టమొదట రా ఫైల్, అంటే కెమెరా జేపెగ్‌గా మార్చకముందు దాచిన అసలు ఫైల్, అడగండి. దాంతో పాటు ఆ ఫోటోకి ముందూ వెనకా తీసిన ఫ్రేములు అడగండి. చంద్రోదయం తీసేవాడు ఎవడూ ఒక్క ఫోటో తీసి ఇంటికి పోడు. ముప్పై నలభై తీస్తాడు, వాటిలో చంద్రుడు ఒక్కో నిమిషానికి పావు డిగ్రీ, అంటే తన వెడల్పులో సగం చొప్పున పైకి జరుగుతూ ఉంటాడు. ఆ వరుసని అల్లడం ఒక్క చంద్రుణ్ణి అతికించడం కంటే వంద రెట్లు కష్టం. నా లెక్కలో అన్ని పరీక్షల కంటే బలమైన సాక్ష్యం ఇదే, దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

రా ఫైల్ దొరికితే సెన్సర్ వేలిముద్ర చూడొచ్చు. ఏ రెండు సెన్సర్లూ ఒకేలా ఉండవు. ఒక పిక్సెల్ పక్కదాని కంటే రవ్వంత ఎక్కువ, ఇంకోటి రవ్వంత తక్కువ వెలుతురు పట్టుకుంటుంది. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయంలో జెస్సికా ఫ్రిడ్రిక్ బృందం 2006లో ఈ తేడాలతో ఫోటో ఏ కెమెరాదో గుర్తుపట్టే పద్ధతి ప్రచురించింది. అదే కెమెరాతో తీసిన మరికొన్ని ఫోటోలు ఉంటే ఆ వేలిముద్ర తయారుచేసి, మన ఫోటోలో ఏ భాగంలో అది లేదో చూడొచ్చు. అతికించిన చోట ముద్ర తెగిపోతుంది. దీనికి కొంచెం ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళు కావాలి. అంత అక్కర్లేకుండా కంటితో చూసే పద్ధతి ఒకటి ఉంది. ఫోటోని 400 శాతం పెద్దది చేసి గింజలు చూడండి, కెమెరావాళ్ళ భాషలో నాయిజ్. సాయంత్రం వెలుతురులో తీసిన ఫోటోలో గోడల మీద, ఆకాశంలో సన్నటి ఇసుకలా నాయిజ్ ఉంటుంది. పెద్ద చంద్రుణ్ణి తెచ్చి కుదించి పెడితే ఆ ఇసుక నలిగి నున్నగా అయిపోతుంది. చుట్టూ ఇసుక ఉండి చంద్రుడి మీద మాత్రం అద్దంలా ఉంటే ఆగి ఆలోచించాలి. అలాగే దిగంతానికి దగ్గరున్న చంద్రుడి అంచు గాలి కదలికకి అలలు అలలుగా ఉంటుంది, మరీ కిందుంటే నిలువుగా నొక్కినట్టు ఉంటుంది. దిగంతాన్ని ఆనుకొని ఉన్నప్పుడు నిలువు వ్యాసం ఆరో వంతు దాకా తగ్గొచ్చు. నారింజ రంగులో ఉన్నాడు కాబట్టి కిందే ఉన్నాడని చెప్తూ, దిగంతాన్ని ఆనుకొని కూడా కాంపస్‌తో గీసినంత గుండ్రంగా ఉంటే ఆ రంగు తర్వాత వేసినదేమో అని అనుమానించాలి.

నక్షత్రాల ఫోటోలు కూడా మీకు ముందు ముందు వస్తాయి కాబట్టి వాటి గురించీ నాలుగు మాటలు. పాలపుంత స్పష్టంగా, దాని పక్కనే బిలాలతో సహా నిండు చంద్రుడు, రెండూ ఒకే క్లిక్‌లో వచ్చాయంటే నమ్మొద్దు. నిండు చంద్రుడికి ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) 11 పెడితే సెకనులో వందో వంతు చాలు. పాలపుంతకి ఐఎస్ఓ 3200, ఎఫ్ 2.8 పెట్టి 20 సెకన్లు తీయాలి. రెండిటికీ తేడా దాదాపు 10 లక్షల రెట్లు. మంచి సెన్సర్ కూడా ఒకే ఫోటోలో 16 వేల రెట్ల వెలుగు తేడా మించి పట్టుకోలేదు. చంద్రుడి మీద దిగిన అపోలో యాత్రికుల ఫోటోల్లో నక్షత్రాలు ఎందుకు లేవని ఇప్పటికీ అడుగుతుంటారు, జవాబు ఈ లెక్కలోనే ఉంది. ఎండలో మెరిసే తెల్ల సూట్లకి సరిపడా తీసిన ఫోటోలో నక్షత్రాలు కనిపిస్తేనే అనుమానించాలి.

నెలవంక కొమ్ముల మధ్య చుక్క ఉన్న ఫోటో వస్తే అది బొమ్మే. చీకటిగా కనిపించే ఆ భాగం ఖాళీ కాదు, అక్కడ చంద్రుడే ఉన్నాడు, వెనక ఉన్న నక్షత్రాన్ని కప్పేస్తాడు. నెలవంక వెలిగే వైపు ఎప్పుడూ సూర్యుడి వైపే తిరిగి ఉంటుంది కాబట్టి సూర్యాస్తమయం తర్వాత కొమ్ములు కిందికి ఉండవు. మన దగ్గర అది చాలాసార్లు పడవలా పడుకొని ఉంటుంది, ఉత్తర యూరప్‌లో నిలబడినట్టు ఉంటుంది. రామప్ప గుడి మీద యూరప్ నెలవంక పెట్టినవాళ్ళని నేను దీంతోనే పట్టుకున్నాను.

నక్షత్రాలు కనీసం ఇరవై ముప్పై ఉంటే ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ అనే ఉచిత సేవకి ఫోటో ఇవ్వండి. చుక్కల అమరిక చూసి అది ఆకాశంలో ఏ భాగమో, ఏ వైపు తిరిగి ఉందో, ఎంత పెద్ద ముక్కో చెప్పేస్తుంది. ఆ భాగం ఆ తేదీన ఆ ఊళ్ళో ఆ దిక్కున ఉండిందా అని స్టెల్లేరియంలో చూసుకోవడమే. గ్రహాలు ఇంకా మంచి సాక్షులు, ఎందుకంటే అవి జరుగుతుంటాయి. 2024 డిసెంబర్‌లో గురుడు వృషభరాశిలో ఉన్నాడు. ఆ నెలలో తీశామంటున్న ఫోటోలో రోహిణి దగ్గర గురుడు లేకపోతే ఆ ఆకాశం వేరే ఏడాదిది.

ఈ మధ్య వచ్చిన పెద్ద చిక్కు ఫోన్లు. 2023 మార్చిలో ఒక రెడిట్ వాడుకరి చంద్రుడి ఫోటోని 170 పిక్సెళ్ళకి కుదించి, కావాలని మసకచేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గదిలో లైట్లు ఆపి దూరం నుంచి శాంసంగ్ ఫోన్‌తో తీశాడు. తెర మీద లేని వివరాలు ఫోటోలో వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి, నేర్చుకున్న నమూనాతో వివరాలు పెంచే ప్రక్రియ తమ కెమెరాలో ఉందని, దాన్ని ఆపేయొచ్చని కంపెనీ వివరణ ఇచ్చింది. ఇలాంటి ఫోటో పెట్టిన విద్యార్థి అబద్ధం ఆడినట్టు కాదు, తాను నొక్కింది తాను తీసిందే అనుకుంటాడు. అందుకే రాబోయే పోటీల నిబంధనల్లో దీని గురించి ఒక వాక్యం రాయండి. మీ కేసు ఇది కాదు. ఫోన్ వివరాలు పెంచగలదు, ఈశాన్యం వైపు లేచిన చంద్రుణ్ణి దక్షిణానికి తేలేదు.

ఏది మోసం అన్నది కూడా కమిటీలో ఒక మాట అనుకోవాలి. ఖగోళ ఫోటోల్లో ఎడిటింగ్ లేనిది ఉండదు. మసక నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) ఫోటో అంటే వంద ఫ్రేములు కలిపి, లెన్స్ మూసి తీసిన చీకటి ఫ్రేముల్లోని నాయిజ్‌ని వాటిలోంచి తీసేసి, వెలుగు లాగి చేసేదే. హబుల్ టెలిస్కోప్ 1995లో తీసిన పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్ ఫోటోలో ఒక మూల మెట్లలా కోసినట్టు ఉంటుంది, దాన్ని చూసి ఏదో దాచారని అనుకునేవాళ్ళున్నారు. ఆ కెమెరాలోని నాలుగు సెన్సర్లలో ఒకటి చిన్న ముక్కని ఎక్కువ వివరంగా తీసేది కాబట్టి అలా వచ్చింది. రంగులు కూడా వేర్వేరు మూలకాల వెలుగుకి శాస్త్రవేత్తలు కేటాయించినవి, ఆ సంగతి వాళ్ళే చెప్పారు. చెప్పి చేసింది పద్ధతి. ఏం చేశారో రాయకుండా "ఒక్క క్లిక్" అని రాస్తే అప్పుడు అది పోటీదారులందరికీ అన్యాయం.

ఒక్కోసారి ఫోటో నిజమైనదే ఉండి, దాని కింద రాసిన మాట అబద్ధం అవుతుంది. ప్రతి దీపావళికీ మన వాట్సాప్‌లో తిరిగే "దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారత్" ఫోటో అలాంటిదే. అది 1992 నుంచి 2003 దాకా ఊళ్ళ దీపాలు ఎలా పెరిగాయో చూపించడానికి, ఒక్కో కాలానికి ఒక్కో రంగు వేసి అమెరికా శాస్త్రవేత్తలు ఉపగ్రహాల సమాచారంతో తయారుచేసిన పటం. ఎరుపు రంగు కొత్తగా వచ్చిన దీపాలకి గుర్తు, టపాకాయలకి కాదు. 2012 దీపావళి సమయంలో నిజంగా తీసిన ఫోటోని నాసా విడుదల చేసింది. మామూలు రాత్రికీ దానికీ కంటికి తేడా తెలియదు. 2023లో చంద్రయాన్-3 దిగిన వెంటనే అశోక చిహ్నం, ఇస్రో గుర్తు చంద్రుడి మట్టిలో అచ్చుపడినట్టు ఒక ఫోటో తిరిగింది. చంద్రుడి మీద తిరిగిన ప్రజ్ఞాన్ రోవర్ చక్రాల మీద ఆ గుర్తులు ఉన్నమాట నిజమే, ఆ ఫోటో మాత్రం ఒకరు కళగా చేసుకున్నది. ఇలాంటివి వచ్చినప్పుడు పిక్సెళ్ళు వెతకనక్కర్లేదు, ఇస్రో విడుదల చేసిన ఫోటోల్లో అది ఉందా అని చూస్తే అయిపోతుంది.

నకలుకి నకలు చూసి మోసపోకుండా ఉండడం కూడా ముఖ్యమే. అపోలో 16 ఫోటో ఒకదానిలో రాయి మీద "సి" అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుందని, అది సినిమా సెట్టింగ్ రాయి నంబరని ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. అసలు ఫిల్మ్ తీసి చూస్తే ఆ అక్షరం లేదు. తర్వాత ఎప్పుడో ఒక ప్రింటు వేసేటప్పుడు దాని మీద పడిన నూలుపోగు అది.

మీరు సోమవారం లోపు చేయాల్సింది ఇది. ఆ అబ్బాయిని అందరి ముందూ నిలబెట్టకుండా పిలిచి, రా ఫైల్, ఆ సాయంత్రం తీసిన మిగతా ఫ్రేములు అడగండి. పత్తర్‌గట్టి అని పొరపాటున రాసి, నిజానికి చార్మినార్‌కి పడమరన ఉన్న లాడ్ బజార్ వైపు నుంచి తీశాడేమో కూడా అడగండి. అక్కడ నిలబడితే మొహం తూర్పుకి ఉంటుంది, మార్చి, సెప్టెంబర్ పౌర్ణములకి అటు చంద్రుడు వస్తాడు. అయితే అప్పుడూ చంద్రుడు కిటికీ అంతే ఉంటాడు, టైకో కుడి వైపే ఉంటుంది, కాబట్టి ఈ ఫోటో నిలబడదు. తను ఒప్పుకుంటే దాన్ని డిజిటల్ ఆర్ట్ విభాగంలోకి మార్చే వీలుందేమో చూడండి, చార్మినార్ భాగం నిజంగా బాగా తీశాడు. కమిటీ నోటులో మాత్రం కారణంగా దిక్కు, పరిమాణం, చంద్రుడి వాలు ఈ మూడే రాయండి, ఈఎల్ఏ బొమ్మని జత చేయకండి. రా ఫైల్ వస్తే నాకు పంపండి, ఆ తేదీకి ఊపు లెక్క చూసి ఆ చంద్రుడు ఏ నెలవాడో చెప్తాను.